ఆ 20 డాలర్ల నోటు టిప్పు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ప్రయాణాల పేజీలో ఈమధ్య లాస్ వేగాస్ వెళ్ళేవాళ్ళ కోసం కొన్ని చిట్కాలు వేశారు. అందులో ఒకటి నన్ను రెండు రోజులుగా కుదురుగా ఉండనివ్వడం లేదు. హోటల్లో చెక్ ఇన్ చేసేటప్పుడు ఐడీకీ క్రెడిట్ కార్డుకీ మధ్య 20 డాలర్ల నోటు మడిచి పెట్టి, "ఫ్రీ అప్‌గ్రేడ్ ఏమైనా ఉందా?" అని, అంటే బుక్ చేసుకున్నదానికన్నా మంచి గది ఊరికే ఇస్తారా అని, నవ్వుతూ అడగమన్నారు. అదృష్టం బాగుంటే సూట్ (ఒకటికి మించి గదులున్న పెద్ద గది) దొరుకుతుందనీ, దొరక్కపోతే నోటు తిరిగి ఇచ్చేస్తారనీ, పోయేదేమీ లేదనీ రాశారు. నేను స్ట్రిప్ (వేగాస్‌లో పెద్ద కాసినో హోటళ్ళు బారుగా ఉండే రోడ్డు) మీద ఒక కాసినో హోటల్లో 2015 నుంచి 2021 దాకా ఫ్రంట్ డెస్క్‌లో పనిచేశాను. ఆ నోటు కౌంటరు దాటి వస్తుంటే ఇటువైపు నిలబడి చూసినదాన్ని. పోయేదేమీ లేదన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ చిట్కా అబద్ధం కాదు. చాలాసార్లు పనిచేస్తుంది. నా దగ్గరా పనిచేసింది. నేనూ తీసుకున్నాను.

ఎలా ఉంటుందో చెప్తాను. "ఐడీ, క్రెడిట్ కార్డు ఇవ్వండి" అంటాం. మామూలుగా అయితే కార్డులు విడివిడిగా కౌంటరు మీద పెడతారు. నోటు పెట్టినవాళ్ళు మాత్రం రెండూ కలిపి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుని అందిస్తారు. మధ్యలోంచి ఆకుపచ్చ అంచు సన్నగా కనిపిస్తుంది. అందించాక చెయ్యి వెంటనే వదలరు, ఒక్క క్షణం ఆపుతారు. మనం చూశామా లేదా అని కళ్ళలోకి చూస్తారు. మనవాళ్ళైతే పాస్‌పోర్టు ఫోటో పేజీలో పెట్టి ఇచ్చేవాళ్ళు. 2020 మార్చిలో కాసినోలన్నీ మూతపడి జూన్ 4న మళ్ళీ తెరిచినప్పుడు మా కౌంటరు ముందు అడ్డంగా ప్లాస్టిక్ అద్దాలు బిగించారు. కింద చిన్న సందు ఉండేది. ఆ సందులోంచి కూడా నోటు వచ్చేది.

చాలా వేగాస్ హోటళ్ళలో లాగే మా బ్యాడ్జీ మీద పేరు కింద సొంతూరి పేరు కూడా ఉంటుంది. అది చూసి తెలుగువాళ్ళు ఎంత సంతోషపడేవారో! "మీరు మనవాళ్ళేనా అమ్మా?" అంటూ వరసలో వెనక ఉన్నవాళ్ళను కూడా పిలిచి చూపించేవాళ్ళు. ఇప్పుడు ఈ ఉత్తరం వాళ్ళ కోసమే రాస్తున్నాను.

2018 నవంబరు, థాంక్స్ గివింగ్ పండగ మర్నాడు, శుక్రవారం. లాస్ ఏంజెలెస్ నుంచి ఐ-15 రోడ్డు మీద కార్లు బారులు తీరి వచ్చే రోజు. మధ్యాహ్నం రెండు గంటలకే మా దగ్గర వరస లాబీ దాటి స్లాట్ మెషీన్ల దాకా పోయింది. పాతికేళ్ళు దాటని ఒక అబ్బాయి వచ్చాడు. పక్కన ఇంకో ముగ్గురు స్నేహితులు. కార్డుల మధ్య నోటు ఉంది. చాలా మర్యాదగా మాట్లాడాడు. రెండు క్వీన్ బెడ్ల గది బుక్ చేసుకున్నాడు, పైన స్ట్రిప్ కనిపించే గది ఏదైనా ఉంటే ఇవ్వమన్నాడు.

కంప్యూటర్లో చూస్తే ఆ రకం గదుల్లో స్ట్రిప్ వైపు ఉన్నది, శుభ్రం చేసి సిద్ధంగా ఉన్నది ఒకే ఒక్కటి. 22వ అంతస్తు, లిఫ్టు దిగగానే మూడో తలుపు. అయితే ఆ గదిని పొద్దుటే ఇంకొక బుకింగ్ పేరు మీద పెట్టి ఉంచారు. ఆ బుకింగ్ కింద చిన్న సూచన రాసి ఉంది: పెద్దావిడ వస్తున్నారు, నడవలేరు, వీలైతే లిఫ్టు దగ్గర ఇవ్వండి అని. అది విన్నపమే గాని హామీ కాదు. అలాంటి విన్నపాలు రోజుకు వందలు వస్తాయి, కొన్ని తీరతాయి, కొన్ని తీరవు. ఇంకా చాలా గదులు ఖాళీ అవుతాయిలే, సాయంత్రానికి ఏదో ఒకటి దొరక్కపోతుందా అనుకున్నాను. రెండు క్లిక్కులు, అంతే. గది మారిపోయింది. ఆ అబ్బాయి థాంక్యూ చెప్పి వెళ్ళిపోయాడు. నోటు నా జాకెట్ జేబులోకి వెళ్ళింది.

ఏడు గంటలకు ఆ కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఒక పాప, భర్త తల్లి. తెలుగువాళ్ళే. ఆవిడకు డెబ్బై అయిదేళ్ళు ఉంటాయి. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిని కోడలు పట్టుకుంది. పొద్దున్నుంచీ కారులో కూర్చుని మోకాళ్ళు బిగుసుకుపోయాయట. నేను వెతకని గది లేదు. లిఫ్టుకు దగ్గరగా ఉన్నవన్నీ అయిపోయాయి. చివరికి 14వ అంతస్తులో కారిడార్ చిట్టచివర గది దొరికింది. వేగాస్ హోటల్ కారిడార్లు ఎంత పొడవుంటాయో చూసినవాళ్ళకు తెలుసు. ఎంజీఎం గ్రాండ్ లాంటిచోట ఒక్క హోటల్లోనే 5,000 పైగా గదులు. మాది అంత పెద్దది కాదు గాని, చివరి గదికి నడవాలంటే కుర్రాళ్ళే విసుక్కుంటారు.

నాకు మనసొప్పక సూపర్‌వైజర్‌ను అడిగి, వాళ్ళతో పాటు పైకి వెళ్ళాను. చక్రాల కుర్చీ తెప్పిస్తానంటే ఆవిడ వద్దన్నారు, మనవరాలు చూస్తోందని కాబోలు. గది చేరేలోపు మూడుసార్లు ఆగారు. ఆగినప్పుడల్లా గోడ మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవారు. "క్షమించండమ్మా, దగ్గర గది ఇవ్వలేకపోయాను" అన్నాను. ఆవిడ నా భుజం తట్టి, "పర్లేదు తల్లీ, నువ్వు మాత్రం ఏం చేస్తావ్, నీ చేతిలో ఏముంది?" అన్నారు.

అప్పటికి నా చెయ్యి జాకెట్ జేబులోనే ఉంది. వేళ్ళకు ఆ నోటు తగులుతోంది.

మర్నాడు లాకర్ రూమ్‌లో ఆ అంతస్తు గదులు శుభ్రం చేసే ఆవిడకు దాన్ని ఇచ్చేశాను. ఎందుకిస్తున్నానో చెప్పలేదు. ఆ తర్వాత మాత్రం కార్డుల మధ్య వచ్చిన నోటు ఒక్కటి కూడా తీసుకోలేదు. కార్డులు తీసుకుని, నోటు కౌంటరు మీదే పెట్టి, "ఇది మీ దగ్గరే ఉంచండి, ఏం ఖాళీగా ఉన్నాయో చూస్తాను" అనేదాన్ని. చాలామంది తక్కువ ఇచ్చామేమో అనుకుని ఇంకో ఇరవై తీయబోయేవారు. అది చూస్తే ఇంకా బాధగా ఉండేది.

మన భాషలో దీనికి సరైన మాట ఉంది. పని అయ్యాక సంతోషంగా ఇస్తే బక్షీసు. పని కావడానికి ముందే, పక్కవాడికి కనపడకుండా, మడిచి ఇస్తే చెయ్యి తడపడం. ఏ ఆఫీసులోనైనా ఎవరైనా ఫైలు మధ్య నోటు పెట్టి ఇస్తే మనం ఏమంటామో మనకు తెలుసు. అదే వేగాస్‌లో చేస్తే టిప్పు అని పేరు మారుస్తున్నాం, అక్కడి పద్ధతే అది అంటున్నాం. అమెరికాలో టిప్పులు ఇవ్వడం మామూలే కాబట్టి ఈ రెండూ కలిసిపోయి కనిపిస్తాయి.

ఈ తేడా నేను కల్పించింది కాదు. 2025 జులై 4న సంతకమైన కొత్త అమెరికా పన్ను చట్టంలో టిప్పుల మీద ఆదాయపు పన్ను మినహాయింపు పెట్టారు. ఏడాదికి 25,000 డాలర్ల దాకా, 2025 నుంచి 2028 వరకు. ట్రంప్ ఆ హామీ మొదట ఇచ్చింది కూడా 2024 జూన్‌లో లాస్ వేగాస్ సభలోనే. టిప్పులు అలవాటుగా వచ్చే ఉద్యోగాలంటూ ప్రభుత్వం తయారుచేసిన జాబితాలో హోటల్ డెస్క్ క్లర్కులు కూడా ఉన్నారు. అంటే డెస్క్‌లో ఉన్నవాళ్ళకు టిప్పు ఇవ్వకూడదని ఎవరూ అనడం లేదు. అయితే ఆ చట్టమే టిప్పు అంటే ఏమిటో కూడా చెప్తుంది: ఇచ్చేవాళ్ళు స్వచ్ఛందంగా ఇవ్వాలి, ఇవ్వకపోతే వాళ్ళకు ఏమీ జరగకూడదు, ఎంత ఇవ్వాలో వాళ్ళే నిర్ణయించుకోవాలి, దాని మీద బేరం ఉండకూడదు. "అప్‌గ్రేడ్ ఉందా" అంటూ మడిచి ఇచ్చే నోటు బేరం కాకపోతే ఇంకేమిటి?

బేరమే అన్నది ఒక పెద్దమనిషి నాకు బాగా అర్థమయ్యేట్టు చేశారు. నేనింకా డబ్బు తీసుకుంటున్న రోజుల్లో సంగతి. నోటు తీసుకుని చూశాను, ఆ రాత్రికి అన్నీ నిండిపోయాయి, బుక్ చేసుకున్న గదే ఇచ్చాను. తిరిగి ఇచ్చేలోపే ఆయన చెయ్యి చాపి, "అప్‌గ్రేడ్ రాలేదు కదా, ఆ ఇరవై ఇచ్చేయండి" అన్నారు. వెనక ముప్పై మంది వరసలో ఉన్నారు. ఇచ్చేశాను. ఆయన తప్పు లేదు. ఆయన కొనడానికి వచ్చారు, సరుకు లేదు, డబ్బు వాపసు అడిగారు. మీ చిట్కాలో కూడా అదే రాశారు, దొరక్కపోతే తిరిగి ఇస్తారని. వెనక్కి అడిగి పుచ్చుకునేదాన్ని టిప్పు అని ఎవరైనా అంటారా?

గదుల లెక్క ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. పైన ఎన్నో ఖాళీ గదులుంటాయనీ, మేం ఇష్టంలేక ఇవ్వమనీ చాలామంది అనుకుంటారు. పెద్ద సూట్లు మా చేతికి రావు. అవి కాసినో వైపు వాళ్ళు, జూదం బాగా ఆడే అతిథుల కోసం ఆపి ఉంచుతారు. మాకు మిగిలేది ఎక్కువగా వ్యూ, అంతస్తు, మూల గది, ఒకటి రెండు మెట్లు పైన ఉన్న రకం. పొద్దున పదకొండుకు చెక్ అవుట్లు, మధ్యాహ్నం మూడుకు చెక్ ఇన్లు, ఈ రెంటి మధ్య ఉన్న నాలుగు గంటల్లో శుభ్రమై తయారైన గదులే మా దగ్గరున్న సరుకు. జనవరిలో సీఈఎస్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన ఉన్న వారం, 2023 నుంచి నవంబరులో ఫార్ములా వన్ పందెం ఉన్న వారం 20 కాదు 200 ఇచ్చినా లేని గది పుట్టదు. మామూలు వారంలో మంగళ, బుధవారాల్లో అయితే ఊరికే అడిగినా దొరుకుతుంది. నోటుతో తేడా వచ్చేది ఈ రెంటికీ మధ్య రోజుల్లోనే, మంచి గదులు నాలుగైదు మిగిలి, వాటిని ఎవరికివ్వాలన్నది క్లర్కు చేతిలో ఉన్నప్పుడు. ఆ రోజు నోటుకు దొరికిన గది గాల్లోంచి రాదు. ఇంకొకరికి అనుకున్నది, లేదా ఇంకొకరికి అందవలసింది అయి ఉంటుంది. పోయేది మీది కాదు కాబట్టి మీకు కనపడదు.

నా తోటి క్లర్కుల మీద నాకు కోపం లేదు. ఎనిమిది గంటలు నిలబడి ఉండే ఉద్యోగం. అలసిపోయి, ఫ్లైటు ఆలస్యమై, జూదంలో పోగొట్టుకుని వచ్చినవాళ్ళ చిరాకంతా మా మీదే. మాతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకాయన అనేవారు, ఈ ఊరు పుట్టిన దగ్గర్నుంచీ ఇంతేనని. పాతరోజుల్లో షోరూముల్లో, అంటే పాటలు, డాన్సుల కార్యక్రమాలు జరిగే హాళ్ళలో, టికెట్ మీద సీటు నంబరు ఉండేది కాదు, తలుపు దగ్గర ఉండి సీట్లు చూపించే మేటర్ డీ చేతిలో ఎంత పడితే స్టేజీకి అంత దగ్గర కూర్చోబెట్టేవాడట. ఆ పద్ధతిని తర్వాత తీసేసి సీట్లకు నంబర్లు ఇచ్చారు, రేటు టికెట్ మీదే వేశారు. ఎవరికీ నష్టం రాలేదు. ఇప్పుడు చాలా హోటళ్ళు ఫోన్లోనే చెక్ ఇన్, ఫోన్లోనే గది తాళం ఇస్తున్నాయి. వ్యూ గదికి ఇంత ఎక్కువ అని యాప్‌లోనే చూపిస్తారు. ఖరీదే గాని, అందరికీ ఒకటే రేటు కనిపిస్తుంది.

మీ వ్యాసం చదివినవాళ్ళు ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు. రిసార్ట్ ఫీజు పేరుతో హోటళ్ళు రాత్రికి 40, 50 డాలర్లు అదనంగా లాగుతుంటే, మనం 20 ఇచ్చి కాస్త మంచి గది తీసుకుంటే తప్పేమిటని. ఆ కోపం న్యాయమైనదే. రిసార్ట్ ఫీజు చూసి కౌంటరు దగ్గరే కళ్ళనీళ్ళు పెట్టుకున్న వాళ్ళను చూశాను. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) నియమం వచ్చింది, తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తం ధర ముందే చూపించాలని. చాలా ముందే రావాల్సిన నియమం అది. కానీ ఆ ఫీజు కంపెనీకి వెళ్తుంది, డెస్క్‌లో ఉన్న అమ్మాయికి కాదు. మీరు మడిచిన నోటు వల్ల కంపెనీకి పైసా తగ్గదు. తగ్గేది ఆ వరసలో మీ వెనక నిలబడ్డ మనిషికి.

మరి మంచి గది కావాలంటే ఏం చెయ్యాలి? అడగండి. నోరు తెరిచి, కారణంతో సహా అడగండి. పెళ్ళిరోజు అని చెప్పండి, అమ్మానాన్నలు మొదటిసారి వచ్చారని చెప్పండి, పిల్లలకు ఫౌంటెన్లు చూపించాలని ఉందని చెప్పండి. ఊరికే "అప్‌గ్రేడ్" అనడం కన్నా "ఎత్తులో ఉన్న గది" అనో "మూల గది" అనో ఫలానాది అడిగితే వెతకడం తేలిక. కాసినో మెంబర్‌షిప్ కార్డు ఉచితం, జూదం ఆడకపోయినా తీసుకోవచ్చు, ఆ నంబరు మీద బుక్ చేసుకుంటే కంప్యూటర్లో మీ పేరు కొంచెం పైన ఉంటుంది. నడవలేని పెద్దవాళ్ళు ఉంటే ఒక్క విషయం దయచేసి గుర్తుపెట్టుకోండి. "లిఫ్టు దగ్గర గది" అన్నది విన్నపం మాత్రమే, నాలాంటి వాళ్ళు రెండు క్లిక్కుల్లో తీసేయగలరు. అదే వికలాంగుల కోసం ప్రత్యేకంగా కట్టిన గది అవసరమైతే, బుకింగ్ చేసేటప్పుడే ఆ గదినే ఎంచుకోండి. 2012 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం అలా బుక్ చేసిన గదిని హోటల్ మీ కోసం పక్కన పెట్టి తీరాలి. దాన్ని ఎవరి 20 డాలర్లూ కదపలేవు.

డెస్క్‌లో ఎవరైనా నిజంగా మీ కోసం శ్రమపడితే, గది చేతికొచ్చాక తిరిగి వచ్చి అందరి ముందే ఇవ్వండి, తీసుకోవచ్చో లేదో వాళ్ళ హోటల్ పద్ధతిని బట్టి వాళ్ళే చెప్తారు. అంతకన్నా మంచిది, వాళ్ళ పేరు రాసి మేనేజర్‌కు నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి. నాకు వచ్చిన అలాంటి మెయిల్స్ మూడు ఉన్నాయి. ప్రింట్ తీసి ఇప్పటికీ దాచుకున్నాను.

చేతిలో 20 డాలర్లు ఇవ్వాలనే ఉంటే, గది శుభ్రం చేసేవాళ్ళకు ఇవ్వండి. మా హోటల్లో ఒక్కొక్కరు రోజుకు పదికి పైగా గదులు చేసేవాళ్ళు. పార్టీ చేసుకున్న గది ఒక్కటి తగిలితే చాలు, రోజంతా తలకిందులయ్యేది. పరుపు మూల ఎత్తి దుప్పటి అంచును దాని కిందికి దోపడమే రోజుకు ఎన్నోసార్లు. మణికట్లకు బ్యాండేజీ చుట్టుకుని పనిలోకి వచ్చేవాళ్ళను రోజూ చూసేదాన్ని. 2023 నవంబరులో ఇక్కడి హోటల్, కాసినో కార్మికుల సంఘం కలినరీ యూనియన్ లోకల్ 226 సమ్మె అంచుదాకా వెళ్ళి అయిదేళ్ళ ఒప్పందం సాధించుకుంది. గదుల పనిభారం తగ్గించాలన్నది దానిలో పెద్ద డిమాండు. వాళ్ళకు ఎవరూ నోటు మడిచి ఇవ్వరు, ఎందుకంటే వాళ్ళ దగ్గర మార్చడానికి గదులు లేవు. నాలుగు రాత్రులు ఉంటే రోజుకు అయిదు చొప్పున పెట్టండి, ఆ 20 డాలర్లు సరిగ్గా సరిపోతాయి. చివరి రోజు ఒకేసారి పెట్టకండి, ఆ రోజు డ్యూటీలో వేరేవాళ్ళు ఉండొచ్చు. దిండు మీద ఊరికే వదిలితే వాళ్ళు భయపడి ముట్టుకోరు, మర్చిపోయారేమో అనుకుంటారు. పక్కన కాగితం మీద థాంక్యూ అని రాసి పెట్టండి.

నవంబరు దగ్గరపడుతోంది. థాంక్స్ గివింగ్ సెలవులకు మన తెలుగు కుటుంబాలు కాలిఫోర్నియా నుంచి, ఆరిజోనా నుంచి బయలుదేరతాయి, చాలామంది అమ్మానాన్నలను కూడా తీసుకొస్తారు. ఆలోపు ఈ ఉత్తరాన్ని వేయగలిగితే సంతోషం. కుదిరితే ఆ చిట్కా వేసిన ప్రయాణాల పేజీలోనే వేయండి, అక్కడ చదివినవాళ్ళే ఇదీ చదవాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హెండర్సన్, నెవాడా